ఈ-రీడర్ కొనాలా? తెలుగు చదివేవాళ్ళు ముందు స్కేలు పట్టుకుని చూసుకోవాల్సినవి

ఈ-రీడర్ అంటే ఈ-బుక్కులు చదువుకోవడానికే చేసిన పరికరం. "ఈ-రీడర్ కొందామనుకుంటున్నాను, ఏది మంచిది?" అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒకటే: "మీరు ఏం చదువుతారు?" ఇంగ్లీషు నవలలు అంటే పని తేలిక. ఏ మోడల్ కొన్నా దాదాపు సరిపోతుంది. తెలుగు అనగానే లెక్క మారిపోతుంది. మన పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంకా కాగితం మీదే ఉంది. కంప్యూటర్లోకి వచ్చినవాటిలో చాలా భాగం పాత పుస్తకాల పేజీలకి తీసిన ఫొటోలు. వాటిని చదవడానికి కావలసిన పరికరం వేరు, ఇంగ్లీషు నవలకి కావలసిన పరికరం వేరు.

నేను మొదట కొన్నది ఆరంగుళాల తెర ఉన్నది, సెకండ్ హ్యాండ్‌లో. స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు నలభై దాకా ఎక్కించుకున్నాను. పేజీ మొత్తం కనిపించేలా పెడితే ఒత్తులు కలిసిపోయి గీతల్లా కనబడేవి. పెద్దది చేస్తే సగం లైను తెర బయటికి పోయేది. ప్రతి లైనుకీ వేలితో పక్కకి జరపాలి, మళ్ళీ వెనక్కి లాగాలి. ఇలా రెండు నెలలు కుస్తీ పట్టాక అది బీరువాలోకి వెళ్ళిపోయింది. దాంట్లో ఏ లోపమూ లేదు. నేను చదివేవి ఏ రూపంలో ఉన్నాయో చూసుకోకుండా కొన్నాను, అంతే. మీకు అలా జరగకూడదనే కింది పనులన్నీ ఈ వరసలో పెట్టాను. 

1. ఈ మధ్య చదివినవన్నీ ఒక కాగితం మీద రాయండి

చదవాలనుకుంటున్నవి వద్దు, గత మూడు నెలల్లో నిజంగా చదివినవే రాయండి. ఒక్కో పేరు పక్కన అది మీకు ఏ రూపంలో దొరికిందో కూడా రాయండి: కాగితం పుస్తకం, స్కాన్ చేసిన పిడిఎఫ్, మామూలు ఈ-బుక్, ఏదైనా యాప్‌లో సీరియల్, వెబ్ పత్రికలో కథ, పేపర్లో ఆదివారం అనుబంధం.

జాబితాలో తెలుగు కాగితం పుస్తకాలే ఎక్కువగా ఉంటే ఒక్క నిమిషం ఆగండి. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లోనో, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలోనో సంచి నింపుకుని వచ్చేవాళ్ళు మీరైతే, ఆ పుస్తకాల్లో ఎన్ని ఈ-బుక్కులుగా దొరుకుతాయో ఒక పది పేర్లు వెతికి చూడండి. పదిలో ఒకటో రెండో దొరికితే ఈ-రీడర్ మీ పుస్తకాల ఖర్చు తగ్గించదు. కొత్త ఖర్చు అవుతుంది. 17,000 రూపాయల పరికరం అంటే, ఒక్కో పుస్తకం 200 అనుకుంటే, 85 తెలుగు పుస్తకాలు. ఆ 85 పుస్తకాలే మీకు ఎక్కువ ఆనందం ఇస్తాయనిపిస్తే వాటినే కొనుక్కోండి.

స్కాన్లు, ఈ-బుక్కులు, ఇంగ్లీషు పుస్తకాలు కలిపి సగం కంటే ఎక్కువ ఉంటే ముందుకి వెళ్దాం.

2. ఆ ఫైల్లో ఉన్నది అక్షరమా, బొమ్మా?

తెలుగు పాఠకుడికి అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. దీని గురించి ఎవరూ చెప్పరు.

కంప్యూటర్లో పిడిఎఫ్ తెరిచి ఒక మాట మీద మౌస్ నొక్కి లాగండి. మాట ఎంపిక కాకపోతే అది ఫొటో. ఎంపికైతే దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు మాట తెలుగుగానే వస్తే అది నిజమైన అక్షరం, అంటే యూనికోడ్. తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగాపులగంగా వస్తే అది అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో డీటీపీ చేసిన (కంప్యూటర్లో అచ్చుకి కూర్చిన) పుస్తకం. చూడటానికి పేజీ శుభ్రంగా ఉంటుంది కానీ యంత్రానికి అది తెలుగని తెలియదు. కొన్ని స్కాన్లలో ఫొటో వెనకాల వెతుక్కోవడం కోసం అక్షరాలు దాచి ఉంచుతారు. అవి ఎంపికవుతాయి కానీ మీరు చదివేది ఫొటోనే.

తేడా ఎక్కడ వస్తుందంటే, నిజమైన అక్షరాలున్న ఈపబ్ (ఈ-బుక్కులకి వాడే ఫైల్ రకం) ఫైల్లో సైజు పెంచితే మాటలు కింది లైన్లోకి వాటంతటవే సర్దుకుంటాయి. ఎంత చిన్న తెర మీదైనా హాయిగా చదవచ్చు. ఫొటోలోనూ, పాత డీటీపీ పిడిఎఫ్‌లోనూ సర్దుకోవడం ఉండదు. పేజీ ఎంత వెడల్పుంటే తెర అంత ఉండాల్సిందే.

మన దగ్గర ఈ ఫొటో పుస్తకాలు ఇన్ని ఉండటం వెనక పెద్ద కృషి ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ రంగంలో అతి పెద్దదైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు, పది లక్షల పుస్తకాల్ని స్కాన్ చేయాలని మొదలైన మిలియన్ బుక్ ప్రాజెక్టుకి ముందుండి నడిచారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా దాని చలవే. అప్పుడు స్కానైన తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీలో ఉన్నాయి. ఏ అంగట్లోనూ దొరకని పుస్తకాలు అవి. నా దృష్టిలో తెలుగువాళ్ళు ఈ-రీడర్ కొనడానికి అతి బలమైన కారణం ఇదే. అందుకే తెర సైజు దగ్గర రాజీ పడొద్దంటాను.

3. స్కేలు తెచ్చుకోండి

ఈ-రీడర్ల తెరల అసలు కొలతలు ఇవి. 6 అంగుళాల తెర: వెడల్పు 9 సెంటీమీటర్లు, ఎత్తు 12. 7 అంగుళాలది: 10.7, 14.2. 7.8 అంగుళాలది: సుమారు 12, 16. 10.3 అంగుళాలది: 15.7, 21. అంగుళాల లెక్క మూలనుంచి మూలకి కొలిచేది కాబట్టి అది చూసి మోసపోవద్దు. మనకి కావలసింది వెడల్పు.

తెలుగు నవలలు ఎక్కువగా వచ్చే డెమ్మీ సైజు పేజీ వెడల్పు 14 సెంటీమీటర్లు. దాన్ని 6 అంగుళాల తెరలో ఇరికిస్తే అక్షరం 65 శాతానికి తగ్గిపోతుంది. చుట్టూ మార్జిన్లు కత్తిరించేస్తే అచ్చు ఉన్న భాగం 11 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అప్పుడు 6 అంగుళాల తెర మీద అక్షరం 82 శాతం సైజులో, 7 అంగుళాల తెర మీద దాదాపు పుస్తకంలో ఉన్నంత సైజులో కనబడుతుంది. అంకెల్లో చిన్న తేడాగా కనిపిస్తుంది కానీ కంటికి మాత్రం చదవగలగడానికీ చదవలేకపోవడానికీ మధ్య ఉన్న తేడా అది.

ఈ లెక్కని మీ కళ్ళతోనే పరీక్షించండి. కంప్యూటర్లో మీకిష్టమైన స్కాన్ పుస్తకం తెరవండి. స్కేలు తెరకి ఆనించి, అచ్చు ఉన్న భాగం వెడల్పు సరిగ్గా 9 సెంటీమీటర్లు వచ్చేదాకా జూమ్ తగ్గించండి. ఇప్పుడు పుస్తకం పట్టుకునే దూరంలో కూర్చుని పది పేజీలు చదవండి. ఒక పేజీ చదివి "ఆ, పర్లేదు" అనుకోవడం చాలదు, పదీ చదవాలి. తర్వాత 10.7, ఆ తర్వాత 12 సెంటీమీటర్లు పెట్టి చూడండి. ఎక్కడ కళ్ళు చిట్లించడం ఆగిపోతుందో అదే మీ సైజు.

కంప్యూటర్ లేకపోతే జిరాక్స్ షాపుకి ఒక నవల పట్టుకెళ్ళి, రెండు పేజీలు 65 శాతానికీ, రెండు పేజీలు 82 శాతానికీ తగ్గించి తీయించుకోండి. పది రూపాయలైనా ఖర్చవదు, వేల రూపాయల పొరపాటు తప్పుతుంది.

ఇంకో ఉపాయం ఉంది. 6 అంగుళాల పరికరాన్ని అడ్డంగా తిప్పితే వెడల్పు 12 సెంటీమీటర్లు అవుతుంది. పేజీ రెండు మూడు ముక్కలుగా వస్తుంది కానీ అక్షరం పూర్తి సైజులో కనబడుతుంది. చేతిలో ఇప్పటికే 6 అంగుళాలది ఉన్నవాళ్ళు ముందు ఇలా చదివి చూడండి. నేను బీరువాలోంచి నా పాతదాన్ని మళ్ళీ తీసింది ఈ సంగతి తెలిశాకే.

4. ఈ-ఇంక్ తెర మీకు అసలు అవసరమా?

ఫోనూ టాబ్లెట్టూ తమ తెరలోంచే వెలుగుని మన కళ్ళలోకి పంపిస్తాయి. ఈ-రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెర కాగితంలా పనిచేస్తుంది. తెర లోపల దాదాపు వెంట్రుక మందమే ఉండే గుళికల్లో నల్లటి, తెల్లటి రేణువులు ఉంటాయి. కరెంటు తగలగానే అవి పైకీ కిందికీ కదిలి అక్షరం తయారవుతుంది. ఆ తర్వాత కరెంటు అక్కర్లేదు, అక్షరం అలాగే నిలిచిపోతుంది. బయటి వెలుగు దాని మీద పడి మన కంటికి చేరుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం ఎండలో డాబా మీద కూర్చుని కూడా చదవచ్చు. ఫోన్ అయితే అక్కడ అద్దంలా మన మొహాన్నే చూపిస్తుంది.

ఇదే లక్షణం వల్ల ఈ-ఇంక్ నెమ్మదిగా కదులుతుంది. స్క్రోల్ చేయడం, జూమ్ చేయడం, వీడియో చూడటం దీనితో కష్టం. పేజీలు చకచకా ముందుకీ వెనక్కీ తిప్పుతూ రిఫరెన్స్ చూసుకునే పనికి ఇది పనికిరాదు.

నిద్ర గురించి ఒక మాట. 2014 చివర్లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో 12 మందిచేత కొన్ని రాత్రులు టాబ్లెట్ మీద, కొన్ని రాత్రులు కాగితం పుస్తకం చదివించారు. టాబ్లెట్ రాత్రుల్లో వాళ్ళకి నిద్ర ఆలస్యంగా పట్టింది. అది వెలుగు చిమ్మే తెర గురించి చెప్పిన సంగతి, ఈ-ఇంక్‌ని వాళ్ళు పరీక్షించలేదు. పడుకునే ముందు చదివే అలవాటున్న నాకు మాత్రం పెద్ద మేలు వేరే చోట కనిపించింది. ఈ-రీడర్‌లో వాట్సాప్ లేదు. గంటసేపు చదివితే అది గంటసేపు చదవడమే.

మీరు రోజుకి పావుగంట, అదీ బస్సులోనో మెట్రోలోనో చదివేవాళ్ళైతే ఫోన్ చాలు. యాప్‌లో బ్యాక్‌గ్రౌండ్ లేత గోధుమరంగుకి మార్చుకుని, నోటిఫికేషన్లు ఆపేసి ఒక నెల చదవండి. ఆ నెలలో రెండు పుస్తకాలు పూర్తయితే అప్పుడు ఈ-రీడర్ గురించి ఆలోచించండి.

5. తెలుగు అక్షరాల పరీక్ష

ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, పక్కన కొమ్ము. వీటిని సరైన చోట పేర్చడం చేతకాని సాఫ్ట్‌వేర్ "స్త్రీ"ని మూడు ముక్కలు చేసి వరసగా నిలబెడుతుంది. కొన్ని పరికరాల్లో ఒక రకం ఫైల్లో తెలుగు చక్కగా వచ్చి, ఇంకో రకం ఫైల్లో విరిగిపోతుంది. అందుకే డబ్బు కట్టేముందు, లేదా వాపసు ఇచ్చే గడువు దాటకముందు, ఈ పరీక్ష తప్పకుండా చేయండి.

గూగుల్ డాక్స్‌లో ఈ మాటలు టైప్ చేయండి: స్త్రీ, శ్రీ, లక్ష్మి, జ్ఞానం, ఊర్ధ్వం, రాష్ట్రం, సంస్కృతం, మధ్యాహ్నం, వాఙ్మయం. వాటి కింద మీకు నచ్చిన పేరా ఒకటి అతికించండి. డౌన్‌లోడ్ మెనూలో ఈపబ్‌గా దించుకోవచ్చు. ఆ ఫైలుని స్నేహితుల పరికరంలోనో, మీది వచ్చాక మీ పరికరంలోనో వేసి చూడండి. "మధ్యాహ్నం"లో "హ" కింద నకారం ఒత్తుగా వచ్చిందా? "ఊర్ధ్వం"లో ఒత్తులు ఒకదానిమీద ఒకటి ఎక్కి నలిగిపోయాయా? సైజు పెంచి, తగ్గించి మళ్ళీ చూడండి.

ఆ తర్వాత "కథ", "ధర" అన్న మాటలు చిన్న సైజులో పెట్టి చూడండి. "థ"కీ "ధ"కీ తేడా పొట్టలో ఉన్న చిన్న చుక్క. చుక్కల సాంద్రత తక్కువున్న తెర మీద ఆ చుక్క మాయమైపోతుంది. పీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అని. పాత చవక మోడళ్ళలో ఇది 167 ఉండేది. ఇంగ్లీషుకి ఎలాగో నెట్టుకురావచ్చు, తెలుగుకి మాత్రం 300 ఉన్నదే కొనండి. పాతది చవగ్గా వస్తోందని ఎవరైనా ఇస్తానంటే ముందు ఈ అంకె అడగండి.

ఫాంట్ మార్చుకునే వీలుందో లేదో కూడా చూడండి. కిండిల్ (అమెజాన్ వాళ్ళ ఈ-రీడర్), కోబో (ఇంకో కంపెనీది) రెండిట్లోనూ కేబుల్‌తో కలిపి ఫాంట్స్ అనే ఫోల్డర్లో మనకి నచ్చిన ఫాంట్ ఫైళ్ళు వేసుకోవచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా దొరుకుతాయి. వాటిలో చాలావరకు అమెరికాలోని తెలుగువాళ్ళ సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చినవే. నేను చదవడానికి వాడేది మండలి. 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభల్ని నడిపించిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు దానికి పెట్టారు. లావుపాటి గీతలు కావాలంటే నోటో సెరిఫ్ తెలుగు ప్రయత్నించండి. ఫాంట్ పెట్టాక లైన్ల మధ్య ఖాళీని ఒక మెట్టు పెంచండి. కంపెనీలు పెట్టి ఇచ్చే ఖాళీ ఇంగ్లీషు లెక్కలో ఉంటుంది, పై లైను ఒత్తులు కింది లైను గుడులని గుద్దుకుంటాయి.

6. ఏ సౌకర్యానికి డబ్బు పెట్టొచ్చు, దేనికి వద్దు

*తెర సైజు.* పైన చెప్పాను. ఇంగ్లీషు, ఈపబ్ మాత్రమే అయితే 6 చాలు, చేతికి తేలిక కూడా. చిన్న కిండిల్ బరువు 158 గ్రాములే. స్కాన్ నవలలు ఎక్కువైతే కనీసం 7, వీలైతే 7.8. పాత నిఘంటువులు, కావ్య వ్యాఖ్యానాలు, పరిశోధన గ్రంథాలు చదివేవాళ్ళకి 10.3. అంతకంటే తక్కువ కొని బాధపడొద్దు.

*లోపలి లైటు.* తప్పనిసరి. అది ముందువైపునుంచి తెర మీద పడే లైటు, కంట్లో పొడవదు. రంగుని తెలుపు నుంచి పసుపుకి మార్చుకునే సౌకర్యం రాత్రిపూట చదివేవాళ్ళకి బావుంటుంది. పగలే చదివేవాళ్ళు దానికోసం ఎక్కువ పెట్టక్కర్లేదు.

*స్టోరేజీ.* మామూలు ఈపబ్ నవల ఒక ఎంబీ ఉంటుంది. స్కాన్ పుస్తకం 50 ఎంబీ అనుకుంటే, 16 జీబీ పరికరంలో సిస్టమ్‌కి పోగా మిగిలే చోట్లో రెండువందల పైచిలుకు పడతాయి. అది చాలు. 32 కోసం పరుగెత్తొద్దు.

*బ్యాటరీ.* "ఆరు వారాలు" అని రాస్తారు. కింద చిన్న అక్షరాల్లో రోజుకి అరగంట చదివితే, వైఫై ఆపేస్తే అని ఉంటుంది. అంటే 42 రోజులు, రోజుకి అరగంట, మొత్తం 21 గంటలు. రోజుకి రెండు గంటలు చదివితే పది రోజులకోసారి ఛార్జింగ్. అయినా ఫోనుతో పోలిస్తే అది సుఖమే. కొనేముందు టైప్-సి పిన్ను ఉందో లేదో చూడండి, పాత మోడళ్ళలో ఉండదు.

*రంగుల తెర.* ఇప్పుడు వస్తున్న రంగుల ఈ-ఇంక్‌లో నలుపు తెలుపు 300 పీపీఐ ఉన్నా రంగులు 150కి పడిపోతాయి. పైన రంగుల పొర ఉండటంతో తెర కాస్త మసకగా కనబడుతుంది. పిల్లల బొమ్మల పుస్తకాలకోసం అయితే ఇంట్లో ఉన్న టాబ్లెట్టే మేలు. అక్షరాలు చదవడానికైతే నలుపు తెలుపే తీసుకోండి.

*నీళ్ళకి తట్టుకోవడం.* ఉంటే మంచిదే, దానికోసం మోడల్ మార్చక్కర్లేదు.

*పేజీ తిప్పే బటన్లు.* వేళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఇది చాలా పెద్ద సౌకర్యం. తెర మీద ఎక్కడో తగిలి ఎక్కడికో వెళ్ళిపోయే టెన్షన్ ఉండదు.

*డిక్షనరీ.* ఇంగ్లీషు పుస్తకం చదివే పిల్లలకి మాట మీద వేలు పెడితే అర్థం రావడం వరం లాంటిది. తెలుగు విషయంలో ఇది అంతగా పనిచేయదు. నిఘంటువులో "చెట్టు" ఉంటుంది, పుస్తకంలో "చెట్లకిందనుంచి" ఉంటుంది. యంత్రం దాన్ని విడదీసుకోలేదు.

*ఆండ్రాయిడ్.* ఓనిక్స్ బూక్స్ లాంటి కంపెనీల పరికరాల్లో ప్లే స్టోర్ ఉంటుంది. తెలుగు ఈ-బుక్కులు అమ్మేచోట్ల కొన్ని తమ యాప్‌లో తప్ప చదవనివ్వవు. మీ జాబితాలో అలాంటివి ఎక్కువుంటే ఆండ్రాయిడ్ ఈ-రీడర్ ఒక్కటే దారి. బ్యాటరీ తొందరగా అయిపోతుంది, సెట్టింగులు ఎక్కువ. కాస్త ఓపికుండాలి.

7. పుస్తకాలు ఎక్కడినుంచి, ఏ తాళంతో?

పరికరం కొనడమంటే ఒక అంగడి గుమ్మంలోకి అడుగు పెట్టడం కూడా. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ స్టోర్‌లోకి ఐదు భారతీయ భాషలు తెచ్చింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు ఆ ఐదింటిలో లేదు. ఇన్ని కోట్లమంది మాట్లాడే భాషకి ఆ జాబితాలో చోటు లేకపోవడం నాకు అప్పుడూ బాధనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. కాబట్టి కిండిల్ కొంటే తెలుగు పుస్తకాలు ఎక్కువగా మీరే బయటనుంచి ఎక్కించుకోవాలని ముందే లెక్కేసుకోండి. ఈమెయిల్‌తో పంపితే 50 ఎంబీ, వెబ్‌లో అప్‌లోడ్ చేస్తే 200 ఎంబీ దాకా తీసుకుంటుంది. ఈపబ్‌లు ఇలా హాయిగా వెళ్ళిపోతాయి. పెద్ద స్కాన్లకి కేబుల్ వాడండి.

కొన్న ఈ-బుక్కుకి తాళం ఉంటుందని, అంటే అమ్మినవాళ్ళ పరికరంలోనో యాప్‌లోనో తప్ప తెరుచుకోదని కూడా గుర్తుంచుకోండి. 2009లో హక్కుల తగాదా వచ్చినప్పుడు అమెజాన్ తాను అమ్మిన పుస్తకాల్నే పాఠకుల కిండిళ్ళనుంచి దూరం నుంచే తీసేసింది, ఆనక క్షమాపణ చెప్పింది. మీ దగ్గర పదేళ్ళు ఉండాల్సిన పుస్తకమైతే, తాళం లేని ఈపబ్ అమ్మేచోట కొనండి, లేదా కాగితమే కొనండి.

ఉచితంగా, న్యాయంగా దొరికేవి చాలానే ఉన్నాయి. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ళకి కాపీరైట్ తీరిపోతుంది. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో అలాంటి పుస్తకాల్ని ఔత్సాహికులు అక్షరం అక్షరం దిద్ది పెడుతున్నారు. అక్కడినుంచి నేరుగా ఈపబ్ దించుకోవచ్చు. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే ఇప్పటి రచయితల పిడిఎఫ్‌లు మాత్రం దయచేసి ముట్టుకోకండి. తెలుగులో పుస్తకం రాసి నాలుగు డబ్బులు చూసేవాళ్ళే తక్కువ.

అమెరికాలో ఉన్నవాళ్ళు లిబ్బీ యాప్‌తో ఊళ్ళోని లైబ్రరీ పుస్తకాన్ని కిండిల్‌కి పంపుకోవచ్చు. ఆ వీలు అమెరికాలోనే ఉంది. కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకి లైబ్రరీ సౌకర్యం లోపలే ఉన్న కోబో మంచిది. చుట్టాలు వచ్చినప్పుడు అక్కడినుంచి తెప్పించుకుందామనుకునే మనవాళ్ళు, పాడైతే ఇక్కడ ఎవరు బాగుచేస్తారో అడిగి తెలుసుకున్నాకే చెప్పండి.

8. వీళ్ళు కొనకపోవడమే మంచిది

గ్రూప్స్‌కీ, సివిల్స్‌కీ చదువుతున్న పిల్లలు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ రీడింగ్ రూమ్‌లో చూసినా స్పైరల్ బైండింగ్ చేసిన ప్రింట్లు, వాటినిండా మూడు రంగుల గీతలు. ఆ చదువుకి పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాలి, పక్కన రాయాలి, మ్యాపు చూడాలి. చిన్న ఈ-రీడర్ దానికి అడ్డమే. ఆ డబ్బుతో ప్రింట్లు తీయించుకోండి.

స్కూలు పిల్లల పాఠ్యపుస్తకాలకి కూడా వద్దు. అవి పెద్ద సైజు, రంగుల పేజీలు.

దినపత్రికల ఈ-పేపర్ కోసమూ వద్దు. అంత పెద్ద పేజీ ఈ తెరల్లో దేంట్లోనూ ఇమడదు.

9. పెట్టె ఇంటికొచ్చాక మొదటి వారం

కిండిల్ పేపర్‌వైట్ అనే మోడల్ 2025 ఏప్రిల్‌లో మన దగ్గర విడుదలైనప్పుడు ధర 16,999. పండగ అమ్మకాల్లో తగ్గొచ్చు, తొందరలేకపోతే ఆగండి. ఎక్కడ కొన్నా వాపసు గడువు ఎన్ని రోజులో కాగితం మీద రాసి పెట్టుకోండి, ఆ లోపల కింది పనులు పూర్తి చేయండి.

మొదటిరోజు రాత్రి గదిలో లైటు తీసేసి, పరికరం లైటు సగానికి పెట్టి ఖాళీ పేజీ చూడండి. ఒక మూల నీడగా ఉందా, ఎక్కడైనా చుక్క వెలుగుతోందా? ఉంటే వెంటనే మార్పించుకోండి, తర్వాత అలవాటవుతుందిలే అనుకోవద్దు. రెండోరోజు అక్షరాల పరీక్ష ఫైలు వేయండి. మూడోరోజు ఒక స్కాన్ పుస్తకం ఎక్కించి మార్జిన్లు కత్తిరించి చూడండి. కోబోలోనూ, ఆండ్రాయిడ్ పరికరాల్లోనూ కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే మార్జిన్లు తనే తీసేస్తుంది, పసుపెక్కిన పేజీల్లో అక్షరాల నలుపు పెంచుతుంది. కిండిల్‌లో దాన్ని వేయడానికి కంపెనీ తాళం విరగ్గొట్టాలి కాబట్టి కొత్తవాళ్ళకి నేను చెప్పను. వాళ్ళు కంప్యూటర్లోనే మార్జిన్లు కత్తిరించి ఎక్కించుకోవాలి.

ప్రాణంలాంటి పుస్తకం ఒకటి స్కాన్‌గానే దొరికితే, గూగుల్ డ్రైవ్‌లో పేజీల బొమ్మల్ని డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుస్తుంది. తప్పులుంటాయి, కూర్చుని దిద్దాలి. మా అమ్మ కోసం నేను ఒక పాత కథల పుస్తకం అలా దిద్దాను, మూడు వారాలు పట్టింది. శుక్లాల ఆపరేషన్ అయ్యాక చిన్న అచ్చు చదవలేక ఆవిడ పుస్తకం పట్టుకోవడమే మానేసింది. ఈపబ్ చేసి, మండలి ఫాంట్ పెట్టి, పేజీకి తొమ్మిది లైన్లే వచ్చేలా సైజు పెంచి చేతికిచ్చాను. వసారాలో పొద్దున్న ఎండలో కూర్చుని రెండు పేజీలు తిప్పింది. "ఇదిగో, ఇంకాస్త పెద్దవి చెయ్యవే" అంది. ఏడు లైన్లు చేశాను. ఆ కథ అయ్యేదాకా కాఫీ సంగతే ఎత్తలేదు.

పెద్దవాళ్ళకి ఇచ్చేటట్లైతే ఒక చివరి పని. వైఫై ఆపేయండి, తెర తిరిగిపోకుండా లాక్ చేయండి, లోపల ఐదు పుస్తకాలకి మించి పెట్టకండి. ఎక్కడ నొక్కితే పేజీ తిరుగుతుందో కవర్ లోపలివైపు పెద్ద అక్షరాలతో రాసి అతికించండి.